అలుపెరగని రైట్ హాఫ్

“ఇదిగో, ఇప్పుడు పోవాలి,” అన్నారు డాక్టర్ మందాకిని, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా.

పోవాల్సింది గంగ అలుపు. అదేమో పోయే ఉద్దేశంలో ఉన్నట్టు లేదు. టర్ఫ్ గ్రౌండు మీద ఈ గీత నుంచి ఆ గీతకీ, ఆ గీత నుంచి ఈ గీతకీ హాకీ కర్రతో బంతిని తోసుకుంటూ పరిగెడుతున్న ఆ పిల్లకి మొహం కందిపోయింది. ఊపిరి ఈల వేస్తోంది. కాళ్లు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు ఎటు పడితే అటు పడుతున్నాయి.

“ఆపకు గంగా,” అన్నారు డాక్టరుగారు మైకులో. “నీకే తెలియకుండా వచ్చేస్తుంది. చెలమలో ఊట తన్నుకొచ్చినట్టు వస్తుంది. ఇంకొక్కసారి వెళ్లి రా.”

గంగ వెళ్లి వచ్చింది. ఊట రాలేదు. అది ఎందుకు రాదో ఆ గ్రౌండులో తెలిసింది గంగ ఒక్కదానికే. ఆ తెలిసిన ముక్క చెబితే టీములో చోటు పోతుంది. చెప్పకపోతే ఇంకొన్నాళ్లకి పోతుంది. అదీ ఆ పిల్ల కష్టం.

ఇక్కడ కాస్త ఆగి మిగతా సంగతులు చెప్పుకోవాలి, లేకపోతే మీకూ ఆయాసం వస్తుంది.

ఇది జరిగేనాటికి కాకినాడ మనం చూసిన కాకినాడ కాదు. సముద్రం బీచ్ రోడ్డుని మింగేస్తే ఊరు నాలుగడుగులు వెనక్కి జరిగి ఎత్తుగా గోడ కట్టుకుంది. జగన్నాథపురం వంతెన కింద పడవలు సిటీ బస్సుల్లాగా తిరుగుతున్నాయి, కండక్టర్లు కూడా అలాగే తిడుతున్నారు. కాజా మాత్రం మారలేదు, దాన్ని అంతకన్నా బాగా చేసే సైన్సు ఇంకా పుట్టలేదు. క్రికెట్ చూసేవాళ్లు ఉన్నారు గానీ, అందరూ కాస్త పెద్దవయసువాళ్లు. కుర్రకారుకి కావలసింది ఆడవాళ్ల హాకీ లీగు. అందులో మన ఊరి టీము పేరు కాకినాడ కెరటాలు.

లీగులో టీములన్నీ ఏడాదికోసారి ఒకచోట కూర్చుని కొత్త ప్లేయర్లను వంతులవారీగా ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. పెళ్లిలో భోజనాల బంతులనుకోండి. మొదటి బంతిలో కూర్చున్నవాళ్లకి వేడివేడి గారెలు, ఆఖరి బంతివాళ్లకి గిన్నె గీకితే వచ్చింది. ఆ ఏడాది కెరటాలకి ఆఖరి బంతే మిగిలింది. ముందు రౌండ్లన్నీ అంతకుముందున్న యాజమాన్యం ఒక పేరుమోసిన గోల్‌కీపర్ కోసం పక్క టీముకి ధారపోసింది. ఆవిడ వచ్చీ రాగానే మోకాలు పట్టుకుని కూర్చుంది.

గిన్నె అడుగున ఏం మిగిలిందో వెతకడానికే డాక్టర్ మందాకిని ఒక మెషీన్ తయారుచేశారు. దాని పేరు జాడ. చూడ్డానికి ఏమీ ఉండదు, చొక్కా గుండీ అంత సెన్సర్. పిక్క ముందువైపు దెబ్బ తగలకుండా ప్లేయర్లు కట్టుకునే ప్యాడ్ ఉంటుంది కదా, ఎడమకాలి ప్యాడ్‌లో దాన్ని కుట్టేస్తారు. ప్రతి జిల్లాలో, ప్రతి చిన్న గ్రౌండులో పంచిపెట్టారు. గోల్ ఎవరు కొట్టారన్నది గుండీకి పట్టదు. కాలు ఎక్కడుంది, ఎంత వేగంగా పోతోంది, గుండె ఎంత కొట్టుకుంటోంది, ఇవి మాత్రం పంపిస్తూ ఉంటుంది. అందరి గుండీలూ కలిపి జాడ ఒక లెక్క కడుతుంది: ఈ పిల్లని ఆటలోంచి తీసేస్తే మిగతావాళ్ల ఆట ఏమవుతుంది?

పులుసులో మెంతిపిండి కంటికి కనపడదు. అది వెయ్యకపోతే మాత్రం తినేవాడికి తెలిసిపోతుంది. ఊరూరా తిరిగి కళ్లతో చూసి ప్లేయర్లని ఏరే స్కౌట్లు పులుసులో ముక్కల్ని ఎంచుతారు, జాడ మెంతిపిండిని వెతుకుతుంది. అంతే తేడా.

అలా వెతగ్గా దొరికింది గంగ. తుని అవతల ఒక మట్టి గ్రౌండులో రైట్ హాఫ్ ఆడే పిల్ల. రైట్ హాఫ్ అంటే కుడిపక్క మధ్యలో ఉండి ముందుకీ వెనక్కీ చచ్చేట్టు తిరిగే పని. జాడ ఒక్కొక్కరి జోరునీ స్క్రీన్ మీద ఒక గీతగా గీస్తుంది. అందరు ఆడపిల్లల గీతలూ ఆట మొదట్లో పైన ఉండి, పోను పోను కిందకి జారతాయి. గంగ గీత జారుతుంది, ఉన్నట్టుండి మొదటి నిమిషంలో ఉన్నంత తాజాగా లేస్తుంది. మళ్లీ జారుతుంది, మళ్లీ లేస్తుంది. ఆఖరి విజిల్ దాకా అంతే. మనిషి శరీరంలో అలుపు ఒక్కసారిగా మాయమవడం సైన్సులో ఎక్కడా లేదు. డాక్టరుగారు దానికి ఊట అని పేరు పెట్టారు. మిగతా టీముల స్కౌట్లు ఆ గ్రౌండుకి వెళ్లి, గంగని కళ్లారా చూసి, పర్లేదు అనుకుని వెళ్లిపోయినవాళ్లే. కెరటాలు మాత్రం ఆఖరి రౌండులో ఆమె పేరు చదివారు. హాలులో ఎవరో నవ్వారు కూడా.

నిజమేమిటంటే ఆ గీత ఇద్దరిది.

గంగ వాళ్ల గ్రౌండులో పిల్లలు ఎక్కువ, ప్యాడ్లు తక్కువ, ప్యాడ్లతోపాటు గుండీలూ తక్కువే. గంగకీ, ఆమె నేస్తం ఎస్తేరుకీ కలిపి ఒకే జత. హాకీలో ఒకరు బయటికొచ్చి ఇంకొకరు లోపలికెళ్లడం ఎన్నిసార్లైనా చెయ్యొచ్చు. గంగ అలిసిపోయి వచ్చి బెంచీ మీద కూలబడి ప్యాడ్లు విప్పి చాచిన చేతిలో పెడితే, ఎస్తేరు కట్టుకుని వెళ్లేది. ఎస్తేరు అలిసిపోతే గంగ. ప్యాడ్లు ఎస్తేరు వాళ్లమ్మ పాతచీర ముక్కలు కుక్కి మెత్తగా కుట్టినవి, ఇద్దరి కాళ్లకీ అచ్చంగా సరిపోయేవి. గుండీలు పంచిన రోజున ఎస్తేరు తన అమ్మకి బదులు జీడిపిక్కల ఫ్యాక్టరీకి వెళ్లింది కాబట్టి గంగ పేరు రాశారు. ఇందులో దాచాల్సిందేదో ఉందని ఇద్దరికీ తోచలేదు. ఒక సబ్బు ఇద్దరు వాడుకుంటే ఎవరికి చెప్తాం?

కాకినాడ నుంచి కబురు వచ్చాక తోచింది. ఒకరి గుండీ ఇంకొకరు పెట్టుకున్నట్టు తెలిస్తే ఆ గ్రౌండుకిచ్చిన గుండీలన్నీ లీగువాళ్లు వెనక్కి తీసుకుంటారు. ఇక ఆ ఊరి పిల్ల ఎవరూ ఏ మెషీన్‌కీ కనపడరు.

“నువ్వెళ్లవే,” అంది ఎస్తేరు. “ఇద్దర్లో ఒకత్తయినా ఆ నీలం టర్ఫ్ తొక్కాలి. నువ్వు తొక్కితే నేను తొక్కినట్టే.”

“నువ్వు లేకుండా నేను సగమేనే.”

“సగం చాల్లే. ఆ టీముని చూస్తే పావు కూడా ఎక్కువే.”

అలా వచ్చింది గంగ. సీజన్ మొదలయ్యే ముందు ఒక ప్రాక్టీసు మ్యాచ్ ఉంది, అందులో ఈ ఊటని చూడ్డానికి ఢిల్లీ నుంచి పెద్ద పెద్ద డాక్టర్లు వస్తున్నారు. ఆలోగా ఊట కనపడకపోతే గంగని ఇంటికి పంపేస్తామని యాజమాన్యం తేల్చేసింది.

ఆ రోజు పరుగు అయ్యాక డాక్టరుగారే వచ్చి తువ్వాలు అందించారు. మంచి మనిషి. కోపం రాదు, అదే గంగకి ఇంకా కష్టంగా ఉంది.

“మీ గ్రౌండులో ఊట ఎప్పుడొచ్చేది గంగా? గుర్తుతెచ్చుకో.”

“బెంచీ దగ్గరికి వెళ్లొచ్చాక వచ్చేదండి,” అంది గంగ. అబద్ధం చెప్పడం ఇష్టంలేక, చెప్పగలిగినంత నిజం చెబుతోంది.

“బెంచీ మీద ఏం చేసేదానివి?”

“కూర్చునేదాన్నండి. నీళ్లు తాగేదాన్నండి.”

“ఎంతసేపు?”

“అలుపు తీరేదాకానండి.”

డాక్టరుగారు నవ్వేశారు. “అది అంత తొందరగా ఎలా తీరుతుందన్నదే కదమ్మా నా ప్రశ్న.”

మర్నాడు తుని అవతల నుంచి ఒక వ్యాను వచ్చింది. అందులో ఆ గ్రౌండు బోరు నీళ్లు క్యాన్లనిండా ఉన్నాయి. క్యాన్ల వెనకాల ఆ గ్రౌండు బెంచీ ఉంది. ఒక కోడు విరిగితే ఇటుకలు పెట్టుకునేవారు, ఆ ఇటుకలు కూడా జాగ్రత్తగా తెచ్చారు. మిలమిలలాడే స్టేడియంలో స్టీలు కుర్చీల పక్కన ఆ బెంచీని నిలబెట్టేసరికి టీము కోచ్ దాలినాయుడుగారు నడుం మీద చేతులు పెట్టుకుని దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. ఆయన శ్రీకాకుళం మనిషి, ఆటంటే ప్రాణం, మెషీన్లంటే మొహమాటం.

“బెంచీ తెచ్చినారు, నీళ్లు తెచ్చినారు. ఇక ఆ ఊరి ఎండొక్కటే మిగిలిపోనాది డాక్టరుగారూ. దానికి లారీ కావాలేటో.”

“అవసరమైతే మాట్లాడదాం నాయుడుగారూ,” అన్నారు డాక్టరుగారు, నిజంగానే ఆలోచిస్తూ.

గంగ ఆ బెంచీ మీద కూర్చుంది, ఆ నీళ్లు తాగింది, లేచి పరిగెత్తింది. గీత కిందకే పోయింది. బెంచీని చూస్తుంటే మాత్రం ఏడుపొచ్చింది, ఎందుకంటే దాని అంచున ఎస్తేరు మేకుతో చెక్కిన పిచ్చుక బొమ్మ అలాగే ఉంది.

సాయంత్రం సముద్రం గోడ మీద కూర్చుని ఎస్తేరుకి ఫోన్ చేసింది. అటుపక్క ఎస్తేరు జీడిపిక్కల జిగురు చేతులతో స్పీకరులో పెట్టినట్టుంది, ఫ్యాక్టరీ గోల అంతా వినపడుతోంది.

“ఏమే, ఊట వచ్చిందా?”

“వెటకారం చెయ్యకే. చెప్పేస్తాను, నావల్ల కావట్లేదు.”

“చెప్పు, చెప్పి రా. ఇక్కడ చిన్నపిల్లలందరి ప్యాడ్లలోంచీ గుండీలు పీకేస్తుంటే పక్కన నిలబడి చూడు.”

“మరేం చెయ్యమంటావు?”

“పరిగెత్తు. దాచుకోకుండా పరిగెత్తు. ఎప్పుడూ అలాగే కదా పరిగెత్తాం.” ఎస్తేరే మళ్లీ అంది, “మా అమ్మ అడుగుతోంది, అక్కడ ప్యాడ్లు మెత్తగా ఉన్నాయా అని.”

“కొరుకుతున్నాయే,” అంది గంగ.

ప్రాక్టీసు మ్యాచ్ రోజు వచ్చేసింది. ఢిల్లీ డాక్టర్లు గాజుగదిలో వరసగా కూర్చున్నారు. వాళ్ల ముందు పెద్ద స్క్రీన్ మీద గంగ గీత పచ్చగా కదులుతోంది. గంగ కూడా ఎస్తేరు చెప్పినట్టే ఆడింది. పోయిన బంతి వెనకాల పోయింది, రాని బంతికి ఎదురెళ్లింది, ఎదుటి ఫార్వర్డుని గీత దాకా తరిమి బంతి లాక్కుని మళ్లీ పైకి తెచ్చింది. ఎవరైనా చివరి క్వార్టర్ కోసం కాస్త బలం దాచుకుని ఆడతారు. ఈ పిల్ల దాచుకోవడం ఎరగదు. తన తర్వాత కట్టుకుని దిగడానికి ఒకరున్నారన్నట్టే ఆడుతుంది.

“ఈ గుంటేటి, ఉన్నదంతా ఒక్కసారే ఒలకబోసేస్తంది,” అన్నారు దాలినాయుడుగారు, తిడుతున్నట్టు కాదు. “గంగా, వచ్చెయ్. అనిమా, నువ్వెళ్లు.”

అనిమా జార్ఖండ్ పిల్ల, టీములో అందరికన్నా పేరున్నది, కాకినాడలో ఉండి ఉండి తెలుగు బాగానే పట్టింది. ఆమె కర్ర తీసుకుని గీత దగ్గర నిలబడింది. గంగ ఒగరుస్తూ వచ్చి తుని బెంచీ మీద కూలబడింది. కళ్లకి చీకట్లు కమ్ముతున్నాయి. ఎక్కడుందో, ఎవరి ముందుందో తెలియని అలుపు. వంగి ఎడమకాలి ప్యాడ్ పట్టీ లాగింది, కుడికాలిది లాగింది. తల ఎత్తకుండా రెండూ కలిపి చెయ్యి చాచి పట్టుకుంది.

“తొందరగా కట్టుకోవే,” అంది.

అనిమా ఆ ప్యాడ్లనీ తన కాళ్లనీ మార్చి మార్చి చూసుకుంది. “నాకు ఉన్నాయి కదా,” అంది. పాపం, ఇంకేమనాలో తెలియక తీసుకుంది కూడా.

గాజుగదిలో గంగ గీత తెగిపోయింది. తెగి, ఖాళీగా ఉండిపోయింది.

ఆ ఖాళీని చూసి డాక్టర్ మందాకిని కుర్చీలోంచి లేచారు. ఆమెకది కొత్త ఖాళీ కాదు. ఊరి నుంచి వచ్చిన గీతల్లో ప్రతి ఊటకీ ముందు అలాంటి చిన్న ఖాళీ ఉండేది. చెమటకి సెన్సర్ జారి ఉంటుందిలే అనుకుని, అలాంటి చోట్ల ఈ కొసనీ ఆ కొసనీ కలిపి అతికెయ్యమని జాడకి నేర్పింది ఆమే. చొక్కా చిరిగితే కుట్టేసినట్టు కుట్టేశారు. కుట్టుకి ఇవతల ఒకరు, అవతల ఇంకొకరు ఉండొచ్చన్న ఊహే రాలేదు.

డాక్టరుగారు మెట్లు దిగి బెంచీ దగ్గరికి వచ్చారు. అప్పటికి గంగకి స్పృహ వచ్చింది. ఏం చేసిందో తెలిసింది. ఏమడుగుతారో, ఎందుకు అబద్ధమాడావని అడుగుతారో, ఎన్నాళ్లుగా అని అడుగుతారో అన్నింటికీ సిద్ధపడింది.

“రెండో అమ్మాయి పేరేమిటి?” అన్నారు డాక్టరుగారు.

“ఎస్తేరండి,” అంది గంగ.

ఆ పేరు బయటికి రాగానే, కాకినాడ వచ్చాక మొదటిసారి, ఆ పిల్ల గుండె నెమ్మదించింది. భుజాలు కిందికి దిగాయి, ఊపిరి తనంతట తను వచ్చి పోవడం మొదలుపెట్టింది. ఊట అన్నది ఉంటే అదే అయ్యుండాలి. కానీ గుండీ అప్పుడు అనిమా చేతిలో ఉంది కాబట్టి, స్క్రీన్ మీద ఏమీ పడలేదు.

తర్వాత అంతా చెప్పేసింది. ఒక జత ప్యాడ్లు, జీడిపిక్కల ఫ్యాక్టరీ, ఊళ్లో చిన్నపిల్లలు, అన్నీ. దాలినాయుడుగారు గడ్డం గోక్కున్నారు.

“దీన్ని మోసం అంటారేటండీ డాక్టరుగారూ? లీగోళ్లకి చెప్పాలేటి?”

“వీళ్లు ప్యాడ్లు ఇచ్చిపుచ్చుకున్నారు, అంతే. రెండు గుండెలని అతికి ఒకటి చేసింది నేను. చెప్పాలంటే నా పేరే చెప్పాలి నాయుడుగారూ. చెప్పమంటారా?”

“నాకెందుకండీ మెషీన్ల గొడవ,” అన్నారాయన, చాలా సంతోషంగా.

డాక్టరుగారు పైకెళ్లి, ఊట లేదు, నా మెషీన్‌లో కుట్టు తప్పింది అని చెప్పేశారు. చెప్పాక ఆమెక్కూడా హాయిగానే అనిపించిందిట, లేని వింతని మోసుకు తిరగడం తప్పినందుకు. ఢిల్లీ డాక్టర్లయితే ఆమెకన్నా హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. అలుపన్నది లేని మనిషి నిజంగా ఉంటే వాళ్లు చదివినదంతా మళ్లీ చదువుకోవాల్సి వచ్చేది మరి. పెట్టెలకి పెట్టెలు కాజాలు పట్టుకుని వెళ్లారు.

“అయితే ఇక నేను బయల్దేరనా అండి?” అంది గంగ.

“ఎక్కడికి? జాడ తప్పు చెప్పింది మనుషుల లెక్క. ఆట లెక్క తప్పు చెప్పలేదు,” అన్నారు డాక్టరుగారు. “మీ ఇద్దర్నీ తీసేస్తే ఆ టీము ఆట కూలిపోతోంది, అది నిజమే. నాయుడుగారూ, డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోని పిల్లని మనం పిలుచుకోవచ్చా?”

“ఎవరూ ఎంచుకోకపోతే ఎవరైనా పిలవొచ్చండి. మొదటి మ్యాచ్ దాకా టైముంది.”

ఎస్తేరుని ఎవరూ ఎంచుకోలేదు. ఎలా ఎంచుకుంటారు, ఆ పిల్ల ఉన్నట్టే ఏ మెషీన్‌కీ తెలియదు కదా. మర్నాడు పడవ బస్సు దిగి, బియ్యం సంచిలో ఏదో పట్టుకుని, కండక్టరుతో చిల్లర కోసం పోట్లాడుతూ వచ్చింది. సంచిలో ఏముందనుకున్నారు? ఆ పాత ప్యాడ్లే. డాక్టరుగారు ఊరి పిల్లలందరికీ తలా ఒక జత ప్యాడ్లూ తలా ఒక గుండీ పంపించారు, కాబట్టి పాతవాటితో అక్కడ ఇక పనిలేదు.

“ఇంత మెత్తటి టర్ఫ్ మీద కూడా అలిసిపోయావటే?” అంది రాగానే.

గంగ ఆ పిల్ల వీపు మీద ఒకటి చరిచి, ఆ తర్వాత వాటేసుకుంది.

సీజన్ ఎలా జరిగిందో చెప్పుకుంటూ పోతే తెల్లారిపోతుంది. కెరటాలు కప్పు గెలవలేదు గానీ, గెలిచినవాళ్లని కంగారుపెట్టారు. కాకినాడ రైట్ హాఫ్ దగ్గరికొచ్చేసరికి ఎదుటి ఫార్వర్డులు ఎటు తిరగాలో తెలియక నిలబడిపోయేవాళ్లు. ఇప్పుడు ఇద్దరికీ చెరొక గుండీ ఉంది. గంగ గుండీ పాత ప్యాడ్‌లో కుట్టారు, ఎస్తేరుది కొత్త ప్యాడ్‌లో. కొత్తవి ఇద్దరినీ కొరుకుతాయి. కాబట్టి ఇద్దర్లో ఆడే పిల్ల పాతవి కట్టుకునేది, బెంచీ మీద కూర్చున్న పిల్ల కొత్తవి కట్టుకునేది. మార్చుకోవద్దని డాక్టరుగారు ఒకటిరెండుసార్లు చెప్పి చూశారు. అలిసిపోయినప్పుడు చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి, చెబితే వినవు. సరే, మన స్క్రీన్ మీద ఎవరు ఎవరో నాకు తెలుసు కదా అని ఆమె ఊరుకున్నారు.

లీగువాళ్ల పెద్ద మెషీన్‌కి తెలియదు. దానికి గుండీ ఎక్కడుంటే మనిషి అక్కడున్నట్టే. సీజన్ ముగిశాక అది తేల్చిందేమిటంటే, లీగులో అందరికన్నా గట్టి ప్లేయర్ గంగ, ఒక్క నిమిషం కూడా బయటికి రాలేదు. ఎస్తేరు అన్న పిల్ల ఒక్క నిమిషం కూడా లోపలికి వెళ్లలేదు. సెమీఫైనల్‌లో ఎస్తేరు కొట్టిన గోల్ రాష్ట్రమంతా టీవీలో చూసింది. అయినా మెషీన్ మెషీనే.

అక్కడితో అయిపోయిందనుకుంటే ఉత్తరాది టీము ఒకటి కబురు పెట్టింది. వాళ్లు కూడా, అందరూ వదిలేసిన ప్లేయర్లని వెతకడానికి కొత్త మెషీన్ కొన్నారు. అది ఎస్తేరు మీద ఆగిపోయిందిట. ఈ పిల్ల బెంచీ మీద కూర్చున్నంతసేపూ కాకినాడ ఆట అద్భుతంగా ఉంటోంది, ఏడాది పొడుగునా ఆడకపోయినా టీము ఆమెని వదులుకోలేదు, కాబట్టి ఆమె అక్కడ కూర్చుని ఏదో చేస్తోంది, ఆ ఏదో మాకు కావాలి, మా మొదటి రౌండు వంతు మీకిచ్చేస్తాం, ఆమెని ఇవ్వండి అని.

దాలినాయుడుగారు ఆ కబురు ప్రాక్టీసు మధ్యలో ఆపి మరీ వినిపించారు. గంగ మొహం తెల్లబడింది. మళ్లీ విడదీస్తారేమోనన్న భయం ఆ పిల్లకి ఇంకా పూర్తిగా వదల్లేదు.

“మేం ఒప్పుకుంటేనే గదేటి,” అన్నారాయన గంగని చూసి. “మేం ఒప్పుకోం. కానీ మర్యాదగా అడిగినారు, మర్యాదగా ఏదో ఒకటి చెప్పాలి.”

ఎస్తేరు అప్పుడే ఆడి వచ్చింది. పాత ప్యాడ్లు విప్పి గంగ చేతిలో పెట్టి, బెంచీ మీద కూర్చుని తాపీగా నీళ్లు తాగింది.

“వాళ్లకి కావలసింది ఇక్కడ కూర్చోవడమేగా అండి,” అంది. “బెంచీని పంపించెయ్యండి.”

అంతా నవ్వారు. డాక్టర్ మందాకిని మాత్రం ఇదేదో బాగానే ఉందన్నట్టు చూశారు. ఆ వారమే బెంచీని గడ్డి చుట్టి, ఇటుకలతో సహా రైలెక్కించారు. పిచ్చుక బొమ్మ ఉన్న చెక్క మాత్రం ఎస్తేరు ఊడదీసి ఉంచుకుంది.

అక్కడ వాళ్లు దానికి నాలుగువైపులా సెన్సర్లు పెట్టి, ఏసీ గదిలో ఉంచి, ఇప్పటికీ పరిశోధన చేస్తున్నారుట. దాని మీద కూర్చుంటే అలుపు తీరుతోందని మొదటి రిపోర్టులో వచ్చింది.